పెన్న వెంట రెండు రోజులు: గండికోటా, సిద్ధవటమా, భైరవకోనా?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి శని ఆదివారాలకు పడమరకు బండి తిప్పాలనుకునేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఎంత దూరం? అసలు అడగాల్సింది అది కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నది. గండికోట లోయ ఒడ్డునో, దానికి పదిహేను కిలోమీటర్ల లోపో పడక కుదిరితే ఆ ప్రయాణానికి అర్థముంది. కుదరకపోతే పొద్దున్నే బయల్దేరి మిట్టమధ్యాహ్నం లోయ చూసి, చీకట్లో వెలిగొండ అడవి దాటి ఇంటికి రావడమే మిగులుతుంది. అలాంటప్పుడు సిద్ధవటం కోటో, భైరవకోన గుహాలయాలో ఎంచుకోవడం నయం. ఈ మూడింటిలో ఏది ఎవరికి సరిపోతుందో, ఎక్కడ దెబ్బతింటారో చెప్పుకుందాం.

ముందు ఒక మాట. నెల్లూరు బ్యారేజీ మీద నుంచి మనం చూసే పెన్న ఇసుక పెన్న. వెడల్పుగా, బద్ధకంగా, వేసవిలో అక్కడక్కడా మడుగులు కట్టి ఉంటుంది. ఇదే నది తాడిపత్రి దాటి ఎర్రమల కొండల్లోకి దూరేసరికి సుమారు 300 అడుగుల లోతున బండను కోసుకుని పారుతుంది. గండికోట రాయి వంద కోట్ల ఏళ్ళకు పైబడినది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గండికోట క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) అనే పిలుస్తారు. చంబల్ లోయలో మెత్తటి మట్టి వానకు కరిగి గట్లు గట్లుగా విరిగిపోతుంది చూడండి, ఇక్కడిది ఆ రకం కాదు. ఇక్కడ రాయి కరగదు, నెర్రెల వెంట పలకలుగా విడిపోతుంది. అందుకే అంచున నిలబడి చూస్తే కొండ కాకుండా, చదరపు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపిస్తుంది. అన్ని దిమ్మెలూ గట్టిగా కూర్చుని లేవు. ఈ సంగతి కింద మళ్ళీ వస్తుంది.

ఫోన్లో కనిపించే ఫోటోల కింద "ఇండియా గ్రాండ్ క్యానియన్" అని రాసి ఉంటుంది. అమెరికాలోని ఆ లోయ లోతు 1,800 మీటర్ల దాకా ఉంటుంది, ఇది వంద మీటర్ల లోపు. ఆ పోలిక నమ్మి వెళ్తే నిరాశే. పోల్చకుండా వెళ్తే మాత్రం మన వైపు నుంచి ఒక్క పూటలో చేరగలిగే చోట్లలో దీనికి సాటి వచ్చేది లేదు.

దారులు

నెల్లూరు నుంచి దారి సూటిగా ఉంటుంది. 67వ నంబరు జాతీయ రహదారి మీద ఆత్మకూరు, మర్రిపాడు, బద్వేలు, మైదుకూరు, అక్కడి నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. గండికోట దాకా 210 నుంచి 220 కిలోమీటర్లు. టీలకు, టిఫిన్‌కు ఆగుతూ వెళ్తే అయిదు గంటలు పెట్టుకోవాలి. మ్యాపు నాలుగు గంటల చిల్లర చూపిస్తుంది, దాన్ని పట్టుకుని లెక్క వేయొద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు లారీలు, బండల లారీలు వరస కడతాయి. ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల. మన ఇళ్ళల్లో పరిచే కడప బండలు, తాడిపత్రి బండలు, సిమెంటు ఫ్యాక్టరీలు, బెలుం గుహలు అన్నీ ఆ సున్నపురాయి చలవే.

ఒంగోలు, సింగరాయకొండ, కందుకూరు వాళ్ళు నెల్లూరు దాకా దిగి రావాల్సిన పని లేదు. 167బి రహదారి సింగరాయకొండ దగ్గర మొదలై కందుకూరు, పామూరు, సీఎస్ పురం, సీతారాంపురం, పోరుమామిళ్ళ మీదుగా మైదుకూరులో తేలుతుంది. ఒంగోలు నుంచి గండికోటకు ఇలా 260 నుంచి 280 కిలోమీటర్లు, ఆరు గంటలు. దూరం ఎక్కువే. కానీ దీనికో లాభం ఉంది: భైరవకోన ఈ దారికి పక్కనే తగులుతుంది. నెల్లూరు వాళ్ళకు అది వేరే ప్రయాణం, ఒంగోలు వాళ్ళకు దారిలో ఒక మజిలీ. అందుకే ఈ రెండు ఊళ్ళ వాళ్ళకూ ఒకే సలహా పనికిరాదు.

రెండు దారులూ వెలిగొండలను దాటాల్సిందే. మర్రిపాడుకూ బద్వేలుకూ మధ్య, సీతారాంపురానికీ పోరుమామిళ్ళకూ మధ్య అడవి వస్తుంది. రోడ్డు బాగానే ఉన్నా రాత్రిపూట గొడ్లు, అడవిపందులు అడ్డం వస్తాయి, మలుపుల్లో ఎదుటి లారీ హెడ్‌లైట్లు కళ్ళలో కొడతాయి. ఇది ఎర్రచందనం అడవి కూడా. రాత్రి వాహనాలను ఆపి డిక్కీ తెరిపించే తనిఖీలు మామూలే. అందులో భయపడాల్సింది లేదు కానీ ఆలస్యం మాత్రం అవుతుంది. రెండు వైపులా ఈ ముక్క పగటి వెలుగులో దాటేలా చూసుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే కుదురుతాయి.

రైలు సంగతి చూద్దాం. జమ్మలమడుగుకు స్టేషన్ ఉంది, నంద్యాల – ఎర్రగుంట్ల లైను మీద. ముంబయి – చెన్నై లైను మీద ముద్దనూరు ఉంది. నెల్లూరు నుంచి ఈ రెంటికీ రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, రెండు రోజుల సెలవులో సగం పెట్టెలోనే గడుస్తుంది. ఈ ప్రయాణానికి రైలును మర్చిపోండి.

గండికోట: పడక దొరికితేనే

కోట విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకుల పేరు మీద నిలిచింది. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ను కలవడానికి వచ్చింది ఇక్కడికే. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, జైలు, పావురాల గోపురం, చెరువు ఉన్నాయి. కోటలోనే ఊరు కూడా ఉంది. గుళ్ళలో పూజలు జరగవు, కొబ్బరికాయ పట్టుకెళ్ళిన పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ముందే చెప్పి తీసుకెళ్ళండి.

తిరిగే వరస ముఖ్యం. చాలామంది కోట వాకిలి దాటగానే నేరుగా లోయ అంచుకు పరుగెత్తి, ఎండ ముదిరాక గుళ్ళ దగ్గరకు వస్తారు. అది తలకిందుల పద్ధతి. లోయకు ఏటవాలు వెలుగు కావాలి. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా రాతి ఎరుపంతా పాలిపోయి తెల్లబోతుంది, కింద నీళ్ళు మెరిసి కళ్ళు పొడుస్తాయి. కాబట్టి మొదటి రోజు మూడున్నరకు కోటలో అడుగుపెట్టండి. ముందు మాధవరాయస్వామి గుడి, తర్వాత మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, చివరికి రంగనాథస్వామి గుడి మీదుగా లోయ అంచు. ధాన్యాగారంలో ఒక్క నిమిషం నిలబడండి. పైకప్పు కమానుల కింద చల్లగా ఉంటుంది, మాట్లాడితే గొంతు వెనక్కి తిరిగొస్తుంది. అయిదుకల్లా అంచుకు చేరాలి. డిసెంబరులో అయిదూ ముప్పావుకు పొద్దు కుంకుతుంది, ఆ తర్వాత పావుగంటకే చీకటి. వెనక్కి వచ్చే దారంతా ఎగుడుదిగుడు బండలే కనుక మనిషికో టార్చి ఉండాలి. ఫోన్ టార్చి చాలనుకుంటారు, అప్పటికి ఫోటోలు తీసి తీసి బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

రెండో రోజు ఉదయం ఆరుకే మళ్ళీ అంచు దగ్గర ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం ఆరున్నర దాటాకే. ఈ రెండు గంటల కోసమే అంత దూరం వెళ్తాం. ఊళ్ళోనో జమ్మలమడుగులోనో పడుకోవాలనడానికి కారణం కూడా ఇదే. ప్రొద్దుటూరులో లాడ్జీలు ఎక్కువ, గదులు బాగుంటాయి, కానీ అక్కడి నుంచి సూర్యోదయానికి రావాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. పిల్లలున్న కుటుంబంతో అది జరిగే పని కాదు.

పడకకు మూడు దారులున్నాయి. కోట దగ్గర పర్యాటక శాఖ హరిత హోటల్ అన్నిటికన్నా తేలిక, వారాంతాలకు ముందుగా బుక్ చేయకపోతే దొరకదు. గండికోట ఉత్సవాల రోజుల్లోనూ, డిసెంబరు ఆఖరి వారంలోనూ, సంక్రాంతికీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది జమ్మలమడుగు లాడ్జి. మామూలుగా ఉంటుంది, 15 కిలోమీటర్లే. మూడోది ప్రైవేటు టెంట్లు. ఫోటోల్లో ఇవే అందంగా కనిపిస్తాయి, తేడాలు వచ్చేదీ ఇక్కడే.

టెంటు బుక్ చేసేముందు నాలుగు విషయాలు ఫోన్లోనే అడగండి. టెంటు మట్టి మీద వేస్తారా, బండ మీదా? బండలో మేకు దిగదు, రాళ్ళకు తాడు కడతారు, అర్ధరాత్రి దాటాక గాలి లేస్తే గుడ్డంతా టపటపలాడి ఎవరికీ నిద్ర ఉండదు. లోయ అంచుకు ఎంత దూరం? యాభై అడుగులు అంటే వద్దనండి. రాత్రి పిల్లవాడు నిద్రలో లేచి బయటకు నడిస్తే అడ్డుకునే కంచె ఉండదు. మరుగుదొడ్డి ఎన్ని టెంట్లకు ఒకటి, నీళ్ళు ట్యాంకులోనా, డ్రమ్ములోనా? కుటుంబాలకు వేరే వరస ఉందా? చివరిది మొహమాటపడకుండా అడగాలి. శనివారం రాత్రి పక్క టెంట్లో సీసాలు తెరుచుకుని స్పీకరు పెడితే ఫిర్యాదు చేయడానికి అక్కడ మనిషి దొరకడు. చలి అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఉక్కపోతకు అలవాటుపడిన కోస్తా మనిషికి రాతి మైదానం మీద డిసెంబరు రాత్రి వణుకు పుట్టిస్తుంది. వాళ్ళిచ్చే దుప్పటి పల్చగా ఉంటుంది, ఇంటి నుంచి మనిషికొకటి తీసుకెళ్ళండి.

అంచు గురించి గట్టిగా చెప్పాలి. చాలా చోట్ల రెయిలింగు లేదు. పైన చెప్పిన దిమ్మెలు నెర్రెల వెంట విడిపడి ఉంటాయి. చూడ్డానికి గది అంత బండ, కాలు పెడితే కదులుతుంది. వాటి మీద సన్న గులకరాయి పరుచుకుని ఉంటుంది, నున్నటి హవాయి చెప్పు దాని మీద జారుతుంది. గాడి ఉన్న షూలే వేసుకోవాలి. అయిదేళ్ళ లోపు పిల్లలుంటే చెయ్యి వదలకూడదు, ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు పెద్దవాళ్ళు చెరొకరినీ పట్టుకోవాలి. ఇది కుదరని కుటుంబానికి గండికోట వద్దనే చెప్తాం, సిద్ధవటం చూడండి.

కిందికి దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. లోయలో కనిపించేది నిలకడైన ఏరు కాదు. ఎగువన గండికోట రిజర్వాయర్, దిగువన మైలవరం రిజర్వాయర్. మట్టం వాటి నిల్వను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. నిన్న బండ తేలిన చోట ఇవాళ నిలువు లోతుండొచ్చు. ఈత వచ్చు అన్న ధైర్యంతో దిగి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. పడవలో తిప్పుతామని ఎవరైనా పిలిస్తే లైఫ్ జాకెట్ ఒంటికి సరిపోయిందో లేదో చూసుకుని, బకిల్ పెట్టుకున్నాకే ఎక్కండి.

కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి కావాలి. లేకుండా ఎగరేసి సామాను పోగొట్టుకోవద్దు.

గండికోటకు రెండో రోజు తోడు: బెలుమా, తాడిపత్రా?

ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు, కాస్త గుడి మీద భక్తి ఉంటే తాడిపత్రి. పిల్లలు హైస్కూలు వయసు దాటితే బెలుం. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, తిరుగు ప్రయాణంలో వెలిగొండకు చీకటి పడుతుంది.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో, గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది అందులో సగం లోపు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దీన్ని గురించి రాశాడు. 1982, 83లో జర్మనీ నుంచి వచ్చిన గుహాన్వేషకులు కొలిచి మ్యాపు గీశారు. ఉదయం 10కి తెరుస్తారు, ఆ మొదటి గంటలోనే లోపలికి వెళ్ళాలి. జనం పెరిగేకొద్దీ లోపల గాలి బరువెక్కుతుంది. గాలి పంపే గొట్టాలు పెట్టారు కానీ చెమట మాత్రం ఆగదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఇరుకు చోట్లంటే గాభరా పడేవాళ్ళు బయటే కూర్చోవడం మంచిది. నడుం వంచి నడిచే సందులున్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు తిరిగి రావడం కష్టమవుతుంది. లోపలికి నీళ్ళ సీసా, చేతిగుడ్డ తప్ప మరేమీ మోయకండి.

తాడిపత్రిలో రెండు గుళ్ళు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు, ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి. రెండూ పెమ్మసాని వారి కాలానివే, కాబట్టి గండికోట చూసి ఇక్కడికి వస్తే కథ అతుకుతుంది. బుగ్గ గుడిలో లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది. సగంలో ఆగిన గోపురాల మీది చెక్కడం చూస్తే, పూర్తయిన చాలా గోపురాలు దిగదుడుపే అనిపిస్తుంది. రెండు గుళ్ళకూ కలిపి రెండు గంటలు చాలు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పదిలోపే చేరాలి.

నెల్లూరు నుంచి వెళ్ళేవాళ్ళకు కాలపట్టిక ఇలా కుదురుతుంది. శనివారం ఉదయం అయిదున్నరకు బయల్దేరితే ఎనిమిదికి బద్వేలులో టిఫిన్, పదిన్నరకు జమ్మలమడుగు. గదిలో సామాను పడేసి, భోంచేసి, మధ్యాహ్నం నడుం వాల్చి, మూడుకు కోటకు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది లోయ, తొమ్మిదిలోపు గది ఖాళీ, పదికి బెలుం, పదకొండున్నరకు బయటికి. ప్రొద్దుటూరులో ఒంటిగంటన్నరకు భోజనం, మూడున్నరకు బద్వేలు. అక్కడి నుంచి వెలిగొండ పగలే దాటి ఆరింటికి నెల్లూరు. ఇందులో ఎక్కడ గంట జారినా బెలుం వదిలేయండి, వెలిగొండ వెలుగు మాత్రం వదలొద్దు.

సిద్ధవటం: పెద్దవాళ్ళతో వెళ్తే

నెల్లూరు నుంచి బద్వేలు, అట్లూరు మీదుగా సిద్ధవటం 150 కిలోమీటర్లకు పైనే, మూడు గంటలు దాటుతుంది. కోట పెన్న ఒడ్డునే ఉంది, మట్లి రాజులది. ఒకప్పుడు కొంతకాలం కడప జిల్లాకు కేంద్రంగా కూడా ఉంది. ఇప్పుడు చిన్న ఊరు, కోట లోపల చెట్ల నీడ, ఎదురుగా వెడల్పాటి నది. ఇక్కడ లోయ లేదు, ఒళ్ళు జలదరించే ఎత్తు లేదు. కోట వాకిట శిల్పం, బురుజుల మీద నుంచి నది మలుపు, అంతే. గంటన్నరలో చూసేయొచ్చు. దీనికోసం మాత్రమే వెళ్తే తక్కువనిపిస్తుంది, ఒంటిమిట్ట, పుష్పగిరి కలిపితే నిండైన రెండు రోజులు.

ఒంటిమిట్ట కోదండరామాలయం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పక్కన హనుమంతుడు కనిపించడు. శ్రీరామనవమి ఉత్సవాల్లో పున్నమి రాత్రి కల్యాణం. ఆ నాలుగైదు రోజులు విహారయాత్ర లెక్కన వెళ్ళకండి, దర్శనానికే రోజు పోతుంది. పుష్పగిరి కడపకు సుమారు 16 కిలోమీటర్లు, అక్కడ కూడా పెన్న ఒడ్డే. కొండ మీద చెన్నకేశవస్వామి గుడి, బయటి గోడల నిండా శిల్పం. నీళ్ళున్నప్పుడు ఏరు దాటే సంగతి స్థానికులను అడిగి నిర్ణయించుకోండి.

ఈ దారికి పెద్ద లాభం రాత్రి పడక. కడపలో అన్ని రకాల హోటళ్ళూ ఉన్నాయి, లిఫ్టు ఉన్న గది దొరుకుతుంది, అవసరమైతే ఆసుపత్రి పక్కనే. దేవుని కడప, పెద్ద దర్గా ఊళ్ళోనే. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే తల్లిదండ్రులతో మొదటిసారి ఇటు వెళ్తుంటే ఇదే ఎంచుకోండి.

సిద్ధవటం చుట్టూ ఉన్నది లంకమల అడవి. ఇక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కంటపడింది ఈ పొదల్లోనే. ఇది రాత్రి తిరిగే పక్షి, మీకు కనిపించదు. ఎవరైనా చూపిస్తామని డబ్బు అడిగితే నమ్మకండి, పొదల్లోకి అడుగు పెట్టకండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్తే ఎర్రచందనం కేసుల మధ్య మిమ్మల్నీ కూర్చోబెడతారు.

భైరవకోన, ఉదయగిరి: ఒక్క రోజే ఉంటే

ఆదివారం ఒక్కటే చేతిలో ఉంటే ఇదే సరైనది. భైరవకోన ఒంగోలు నుంచి కందుకూరు, పామూరు మీదుగా సుమారు 130 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారాంపురం మీదుగా 140 నుంచి 150. కొండను తొలిచిన ఎనిమిది శివాలయ గుహలు, పక్కనే సుమారు 200 అడుగుల జలపాతం. పల్లవుల శైలి ఛాయలున్న పని, వాకిట ద్వారపాలకులను దగ్గరగా చూస్తే ఉలి గుర్తులు ఇప్పటికీ తెలుస్తాయి. జలపాతం నమ్ముకుని వేసవిలో వెళ్తే తడిసిన బండ మాత్రమే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వానలు పడిన వారం తర్వాత వెళ్ళండి. కార్తీక పౌర్ణమినాడు వెన్నెల అమ్మవారి మీద పడుతుందని నమ్మిక, ఆ రోజు జనసంద్రం. ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు తప్పించండి. జలపాతం కింద బండ మీద పాచి ఉంటుంది, పడితే తలే తగులుతుంది.

ఉదయగిరి కొండ ఎక్కడం మాత్రం విడిగా ఒక రోజు పని. సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచిన దుర్గం. అంతకాలం ఎందుకు పట్టిందో ఎక్కుతుంటే మీ మోకాళ్ళే చెప్తాయి. పైకి రెండు మూడు గంటలు, నీడ తక్కువ. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఉదయం ఆరుకే మొదలు, పదకొండుకల్లా దిగడం. పైనున్న కోనేటి నీళ్ళు తాగొద్దు. కొండ ఎక్కనివాళ్ళు కింద రంగనాయకస్వామి గుడి చూసి, ఊళ్ళో చెక్క చెంచాలు చేసే ఇళ్ళకు వెళ్ళండి. భౌగోళిక గుర్తింపు పొందిన పని. గరిటె కొనేటప్పుడు వేలితో అంచు రాసి చూడండి. పేడు గుచ్చుకోకూడదు, రంగు పూసి ఉండకూడదు.

రాత్రి ఉండాలనుకుంటే ఈ దారిలో పెద్ద వసతి ఆశించొద్దు. ఇంటికి తిరిగి రావడమే మేలు. ఒంగోలు వాళ్ళు మాత్రం శనివారం ఉదయం భైరవకోన చూసి, మధ్యాహ్నం రెండుకల్లా పోరుమామిళ్ళ దాటి, రాత్రికి జమ్మలమడుగు చేరొచ్చు. ఆదివారం తెల్లవారి గండికోట, తొమ్మిదికి తిరుగు ప్రయాణం. కోటలోని గుళ్ళు పరుగున చూడాల్సి వస్తుంది, బెలుం, తాడిపత్రి మాత్రం వదులుకోవాలి.

డబ్బు, తిండి, సామాను

నెల్లూరు నుంచి గండికోట, బెలుం తిరిగొస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు 34 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 3,700 చిల్లర. నలుగురు పంచుకుంటే బస్సుకన్నా పెద్ద తేడా ఉండదు. ట్యాంకు ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో నింపుకోండి, కోట దగ్గర నమ్ముకోవద్దు. కోట దగ్గర సిగ్నల్ బలహీనం, యూపీఐ మధ్యలో తిరుగుతూ ఆగిపోతుంది. చిన్న నోట్లుగా రెండు వేలు జేబులో ఉంచండి.

తిండి విషయంలో నెల్లూరు చేపల పులుసు అక్కడ వెతకొద్దు. పొద్దున ఉగ్గాని (బొరుగుల ఉప్మా) బజ్జి, కారం దోశ. మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు. నాటుకోడి ముందు చెప్తేనే వండుతారు, వెళ్ళగానే కూర్చుంటే గంటన్నర ఆగాలి. కోటకు వెళ్ళేముందు జమ్మలమడుగులో రాత్రి భోజనం ఎక్కడో తేల్చుకోండి, కోట ఊళ్ళో ఏడు దాటాక దొరికేది తక్కువ. తాగే నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఇరవై లీటర్ల క్యాను డిక్కీలో పెడితే చాలు. కోతులున్నాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే లాక్కుంటాయి.

బస్సులో వెళ్ళేవాళ్ళకు నెల్లూరు నుంచి ప్రొద్దుటూరు దాకా ఆర్టీసీ, అక్కడి నుంచి జమ్మలమడుగు బస్సులు విరివిగా ఉంటాయి. ఆఖరి 15 కిలోమీటర్లే చిక్కు. కోటకు బస్సులు తక్కువ, సాయంత్రం చూసుకుంటే ఏదీ ఉండదు. జమ్మలమడుగులో ఆటో మాట్లాడేటప్పుడే రానూ పోనూ కలిపి, ఎన్ని గంటలు ఆగాలో కూడా చెప్పి బేరం కుదుర్చుకోండి. డ్రైవరు నంబరు తీసుకుని అక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి, సగం డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి.

బైకు మీద వెళ్ళేవాళ్ళకు నల్లరేగడి ఒక్కటే ప్రత్యేక హెచ్చరిక. జమ్మలమడుగు చుట్టూ శనగ, పత్తి పొలాల మధ్య అడ్డదారులు మ్యాపులో దగ్గరగా కనిపిస్తాయి. ఒక్క జల్లు పడితే ఆ మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు. తారు రోడ్డు వదలొద్దు.

ఎప్పుడు వెళ్ళాలంటే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి తర్వాత ఎండ 40 దాటుతుంది, ఆ బండల మీద నడక పెద్దవాళ్ళకు శిక్షే. నవంబరు, డిసెంబరుల్లో మన తీరానికి వాయుగుండం పట్టిందంటే ఆ వారం ప్రయాణం వాయిదా వేయండి. అక్కడ వాన తక్కువ పడినా వెలిగొండ దారిలో వాగులు రోడ్డెక్కుతాయి, భైరవకోన బండలు ఎక్కే పరిస్థితి ఉండదు. టెంట్లవాళ్ళు వాన పడితే అడ్వాన్సు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి, జవాబు మెసేజీలో రాయించుకోండి.